తుపాకికి లెక్క కలదు, తూటాకు లెక్క యేది?

తాతలనాటి జోడుగొట్టపు తుపాకి గోడకు వ్రేలాడుచుండు ఇండ్లు మన కుటుంబములలో నేటికిని కొన్ని కలవు. హోసూరు ప్రాంతపు చేలలో అడవిపందులను అదలించుటకో, కొరాపుట్ కొండల దాపున కాపురమున్నపుడు ఆత్మరక్షణకో ఒకనాడు పెద్దలు కొన్న తుపాకి యది. దానికి లైసెన్సు కలదు. లైసెన్సుపై దాని నంబరు కలదు. ఎన్నికలు వచ్చినపుడు దానిని ఠాణాలో అప్పగించి రశీదు పుచ్చుకొనుటయు కలదు. ఇంత లెక్క గల ఆ తుపాకి ఒంటరిగా నున్నంతవరకు ఇనుపగొట్టము మాత్రమే. దానిని ఆయుధముగా చేయునది బొటనవ్రేలంత తూటా. ఆ తూటా ఏ కర్మాగారమున పుట్టినది, ఎన్ని చేతులు మారినది, తుదకు ఎవరిపై పేలినది యని అడిగినచో బదులు చెప్పగలవారు అరుదు. ఈ వారము మేము పాఠకుల ముందుంచదలచిన విషయమిదియే.

2023వ సంవత్సరము డిసెంబరు మాసమున ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక ప్రణాళికను ఆమోదించెను. మందుగుండు సామగ్రిని తయారైన నాటినుండి వాడుకయగు వరకు, లేదా ధ్వంసము చేయబడు వరకు, ప్రతి దశయందును ఎట్లు కాపాడవలెనో అది తెలుపును. అందు 15 లక్ష్యములు కలవు. అది దేశములను చట్టరీత్యా బంధించు ఒడంబడిక కాదు. ఇచ్చిన మాట నిలుపుకొనుడని చెప్పు హితవు మాత్రమే. అయినను ఆయుధ నియంత్రణ చర్చలలో ఇంతకాలము వాకిట నిలువబడిన మందుగుండునకు తనదియగు ఒక పీట లభించుట మంచి పరిణామమే. ఈ ప్రణాళికను గూర్చిన చర్చ మాత్రము మన ప్రాంతములలో మా కంటబడలేదు.

ఇది పరదేశపు సంగతి, మనకేల యని పాఠకులు త్రోసిపుచ్చరాదు. మనము తరతరములుగా కాపురముండు రాష్ట్రములలోనే దేశమునకు కావలసిన మందుగుండును తయారుచేయు పెద్ద కర్మాగారములు పెక్కు కలవు. పుణె సమీపమునందలి ఖడ్కీ కర్మాగారము 1869 నాటిది. మహారాష్ట్రముననే వరణ్‌గావ్, నీలగిరులలో అరువంకాడు, ఒడిశాలోని బలాంగీరు జిల్లాలో బడ్‌మాల్ కలవు. 2021 అక్టోబరు 1వ తేదీ నుండి ఇవి పుణె కేంద్రముగా గల మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ అను ప్రభుత్వ సంస్థ క్రిందికి వచ్చినవి. వార్ధా జిల్లా పుల్‌గావ్‌లోని కేంద్ర మందుగుండు నిలువలో 2016 మే 31వ తేదీ తెల్లవారకమునుపే సంభవించిన అగ్నిప్రమాదమున పదిహేనుగురికి పైగా ప్రాణములు గోల్పోయిరి. 2004 ఫిబ్రవరిలో కొరాపుట్ జిల్లా ఆయుధాగారమును, 2008 ఫిబ్రవరిలో నయాగఢ్ పోలీసు ఆయుధాగారమును సాయుధ దళములు కొల్లగొట్టి తుపాకులతోపాటు తూటాలను మూటలుగా మోసికొనిపోయిన సంగతి ఒడిశాలోని మన వారికి మేము జ్ఞాపకము చేయనక్కరలేదు. తయారగు చోటు, నిలువయుండు చోటు, దోపిడియగు చోటు—ఈ మూడును మన పొరుగుననే కలవు.

తుపాకికిని తూటాకును గల భేదమును ముందుగా గ్రహింపవలెను. తుపాకి చిరంజీవి. నూనె రాచి, తుప్పు పట్టకుండ కాపాడినచో మూడు తరముల వారికి ఉపకరించును. తూటా అట్లు కాదు; ఒకమారు పేలినచో దాని కథ ముగిసినది. కావున తుపాకిని ఒకమారు సంపాదించినవాడు మరల దుకాణమునకు రానక్కరలేదు. తూటా కావలసినవాడు మాత్రము మరల మరల రాక తప్పదు. చట్టమునకు అతనిని పలుకరించు అవకాశము ఆ రాకలోనే కలదు. నిండిన చెరువును చేతులతో తోడి వట్టిపోవునట్లు చేయజాలము. తూము కడ నిలిచినచో నీటిని కొలిచి వదలవచ్చును. ఇప్పటికే లోకమున నున్న కోట్లకొలది తుపాకులు ఆ చెరువు వంటివి. తూటాల రాకపోకలు తూము వంటివి.

మరియొక భేదము కలదు. నాటు తుపాకిని పల్లెలోని కొలిమిలో చేయవచ్చును. సైకిలు గొట్టము, కారు స్టీరింగు గొట్టము సైతము అందుకు పనికివచ్చుచున్నవి. తూటా నిర్మాణము అంత సులభము కాదు. అందు నాలుగు భాగములు కలవు: ఇత్తడి గుల్ల, అందులో నింపిన మందు, కొసను అమర్చిన గుండు, అడుగున దెబ్బ తగిలినంతనే మండు చిన్న పేలుడు టోపీ. ఈ నాలుగింటిని వెంట్రుకవాసి తేడా లేక అమర్చుటకు యంత్రములు, రసాయనములు, నేర్పరులగు పనివారు కావలెను. చీకటి కొట్టులో పుట్టిన దొంగ తుపాకి యందు సైతము పేలు తూటా తరచుగా ఏదో యొక లైసెన్సు గల కర్మాగారమున పుట్టినదియే. అనగా దొంగ తుపాకి జాడ మన కందకపోయినను, దాని కడుపు నింపు తూటా జాడ అందవచ్చునన్నమాట.

ఈ రహస్యము ఆయుధవ్యాపారులకు తెలియనిది కాదు. 1995 డిసెంబరు 17వ తేదీ రాత్రి పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లాపై ఒక విమానము ఆయుధములను జారవిడిచిన ఉదంతము దేశమును కలవరపరచెను. అందుండిన ఏకే రకపు తుపాకులు కొన్ని వందలు. తూటాలు పది లక్షలకు పైన. ఒక్కొక్క తుపాకికి వేల తూటాలన్నమాట. కొనువాడు తుపాకి కంటె తూటాకే ఎక్కువ చింతించెనని యిందువలన తేటతెల్లమగుచున్నది. దొంగ వ్యాపారికి తెలిసిన ఈ లెక్క శాసనకర్తకు తెలియకుండుట వింత కాదా?

పాలకులకును ఇది తెలియును. మన్యపు పితూరీనాటి మాట తలచుకొందము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి జరిపి 26 తుపాకులను, 2500కు పైబడిన తూటాలను చేజిక్కించుకొనెను. విల్లంబులతో నున్న మన్యపు వీరులు ఆ మూడు దినములలో దొరతనపు పోలీసులకు దీటైనవారైరి. అపుడు దొరతనము వారు చేసిన మొదటి పనులలో నొకటి మన్యములోని ఠాణాల నుండి ఆయుధములను, తూటాలను తరలించుట. అక్టోబరులో అడ్డతీగల ఠాణాకు సీతారామరాజు దళము పోయిన వేళ అచట కొల్లగొట్టుటకు ఆయుధములు లేవు. ఆ పోరాటము న్యాయమైనది; ఆ తరలింపు పరపాలకుల స్వార్థమునకై జరిగినది. ఆ విషయమున మాకు సందేహము లేదు. కాని తూటా లేని తుపాకి పనికిరానిదను సత్యము న్యాయపక్షమునకును అన్యాయపక్షమునకును ఒక్కటే.

మరి లోకములోని శాసనకర్తలు తూటాను గూర్చి యేమియు తలపలేదా యనిన, తలచిరి. కాని దాని రూపమును గూర్చి మాత్రమే తలచిరి. 1868లో సెంట్ పీటర్స్‌బర్గు నగరమున సమావేశమైన రాజ్యములు 400 గ్రాముల కంటె తక్కువ బరువు గల ప్రేలుడు గుండ్లను యుద్ధమున వాడరాదని ప్రకటించెను. కలకత్తా చెంత గల దమ్‌దమ్ ఆయుధాగారము పేరు 1890 దశకమున శరీరములో చొచ్చినంతనే విచ్చుకొను ఒక గుండుకు తగిలినది. 1899లో హేగు నగరపు సభ అట్టి గుండ్లను నిషేధించెను. బ్రిటిషు ప్రభుత్వము వెంటనే అంగీకరింపక 1907లో గాని ఆ ప్రకటనలో చేరలేదు. ఈ ప్రయత్నములు దయతో కూడినవే. కాని తూటా యెట్లుండరాదో చెప్పినవి గాని, ఎన్ని యుండవలెనో, ఎవరి చేతికి పోవలెనో చెప్పలేదు. గాయము కొంత చిన్నదైనది; గాయపడువారి సంఖ్య తగ్గలేదు.

అటుపిమ్మట నూరేండ్లకు జరిగినదియు ఆశ్చర్యకరమే. చిన్న ఆయుధముల అక్రమవ్యాపారమును అరికట్టుటకు 2001లో ఐక్యరాజ్యసమితి కార్యక్రమమొకటి వెలువడెను. అందు మందుగుండును గూర్చిన స్పష్టమైన నిబంధన లేదు. ఆయుధముల జాడ తీయుటకై 2005లో కుదిరిన ఏర్పాటు తూటాలను విడిచిపెట్టెను. 2013 ఏప్రిలు 2వ తేదీన 154 దేశములు అనుకూలముగను, 3 దేశములు ప్రతికూలముగను ఓటు వేయగా ఆయుధ వ్యాపార ఒడంబడిక ఆమోదింపబడెను. భారతదేశము అపుడు తటస్థముగా నుండెను. ఆ ఒడంబడిక 2014 డిసెంబరు 24 నుండి అమలులోనికి వచ్చెను. అందు మందుగుండునకు చోటు కలదు గాని అది అరచోటే. తూటాల ఎగుమతిని పరిశీలింపవలెనని నియమించి, ఆయుధముల కున్నట్లు లెక్కల పుస్తకము నుంచవలెనను నియమము మాత్రము తూటాలకు వర్తింపజేయలేదు. ఇందుకు ముఖ్యముగా పట్టుబట్టినది అమెరికా సంయుక్త రాష్ట్రములు. తూటాలు అసంఖ్యాకములు, వాటిని లెక్కించుట అసాధ్యమని వాదము. లెక్కింపరాని ఆ తూటాలను తయారుచేసినవారు ధర కట్టునపుడు మాత్రము ఒక్కొక్కటిగా లెక్కింతురను మాట ఆ వాదమును వినిపించినవారు మరచిరి.

ఆ అమెరికాలోనే ఈ తప్పును గుర్తించిన ప్రముఖుడొకడు లేకపోలేదు. 1973 నుండి 1975 వరకు మన దేశమున అమెరికా రాయబారిగా నుండి, పిదప న్యూయార్కు తరపున సెనేటరైన డేనియల్ పాట్రిక్ మోయినిహాన్ ఆయన. తన దేశములో రెండు శతాబ్దములకు చాలినన్ని తుపాకులున్నవి గాని తూటాల నిలువ నాలుగేండ్లకు మించదనియు, కావున పట్టవలసినది తూటాలనే యనియు ఆయన వాదము. పోలీసుల కవచమును చీల్చు పిస్తోలు తూటాలను నిషేధించు చట్టము 1986లో వచ్చుటకు ఆయన కృషి కారణము. 1993లో కొన్ని రకముల తూటాలపై 10,000 శాతము పన్ను విధింపవలెనని ఆయన ప్రతిపాదించెను, అది నెగ్గలేదు. పైగా 1968 చట్టమువలన తూటాల వ్యాపారులు ఉంచవలసియుండిన అమ్మకపు లెక్కలను 1986లో మరియొక చట్టము చాలవరకు రద్దుచేసెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2016లో ప్రజల ఓటుతో తూటాలు కొనువారి పూర్వచరిత్రను పరీక్షింపవలెనని నిర్ణయించి 2019 జులై నుండి అమలుపరచెను. ఆ చట్టము న్యాయస్థానములలో వివాదగ్రస్తమైనది. మోయినిహాన్ చూపిన దారి సరియైనదని మా యభిప్రాయము. ఆయన చేతబట్టిన సాధనము మాత్రము సరియైనది కాదు. పన్ను వేసినచో ధనికునికి తూటా దొరకును, పేదవానికి దొరకదు. ప్రాణాపాయకరమైన వస్తువును ధరతో గాక లెక్కతో అదుపుచేయవలెను.

లెక్కతో అదుపుచేయుట సాధ్యమేనా? సాధ్యమని స్విట్జర్లాండు చూపినది. అచట పౌరసైనికులు ప్రభుత్వమిచ్చిన తుపాకిని ఇంటియందుంచుకొను ఆచారము చిరకాలముగా కలదు. దానితోపాటు 50 తూటాలు గల ముద్రవేసిన డబ్బా యొకటి ఇంటనే యుండెడిది. ఇంటి తగవులలోను, ఆత్మహత్యలలోను ఆ తుపాకులు పేలుచున్నవని ఆందోళన చెలరేగగా, 2007లో పార్లమెంటు ఆ డబ్బాలను తిరిగి తీసికొనవలెనని నిర్ణయించెను. కొన్నియేండ్లలో ఆ పని దాదాపు పూర్తియయ్యెను. తుపాకులను సైతము ఆయుధాగారములకు చేర్చవలెనను ప్రతిపాదన 2011 ఫిబ్రవరిలో ప్రజల ఓటునకు రాగా ఓడిపోయినది. పాఠకులు ఇచట ఒక్కక్షణమాగి ఆలోచింపగోరుచున్నాము. తుపాకిని విడువ నిష్టపడని జాతి తూటాను విడుచుటకు సమ్మతించినది. తుపాకి విషయమున మానమునకు, సంప్రదాయమునకు సంబంధించిన పట్టుదల అడ్డువచ్చును. తూటా విషయమున అంత అడ్డు రాదు. చట్టము సాగదగిన సందు అచటనే కలదు. దక్షిణాఫ్రికా 2000 సంవత్సరపు చట్టములో మరియొక పద్ధతి ననుసరించినది. లైసెన్సు గల తుపాకి ఒక్కొక్కదానికి సామాన్యముగా 200 తూటాలకు మించి యుంచుకొనరాదనియు, తన వద్ద లేని రకపు తుపాకికి సరిపోవు తూటా తన వద్ద నుండరాదనియు అందలి నియమము.

అన్నిటికంటె గట్టి పాఠము బ్రెజిలు నేర్పినది. 2003 డిసెంబరులో అచట చేసిన చట్టము పోలీసులకును సైన్యమునకును అమ్ము ప్రతి తూటా అడుగున లాటు నంబరును చెక్కవలెనని శాసించెను. 2011 ఆగస్టులో రియో సమీపమునందలి నితెరోయ్ నగరమున పత్రీసియా అసియోలి యను న్యాయమూర్తిని ఆమె యింటి ముందట 21 గుండ్లతో కాల్చి చంపిరి. నేరగాండ్రగు పోలీసులపై కఠినముగా తీర్పులు చెప్పిన ధీరురాలామె. చోటున దొరికిన ఖాళీ గుల్లలపై నంబరును చదువగా, అవి మిలటరీ పోలీసులకు అమ్మిన తూటాలని తేలినది. ఆ దారము పట్టుకొని పోగా ఒక పటాలపు పోలీసులును, తుదకు వారి అధిపతియు దోషులుగా నిర్ణయింపబడిరి. న్యాయమూర్తిని చంపినవారిని పట్టియిచ్చిన సాక్షులలో ఇత్తడి గుల్ల యొకటి.

అయితే ఈ పద్ధతికిని ఓటమి కలదు. 2018 మార్చి 14వ తేదీన రియో నగరసభ సభ్యురాలు మరియెలె ఫ్రాంకును, ఆమె కారు నడుపుచున్న ఆండెర్సన్ గోమిస్‌ను చంపిన తూటాల గుల్లలు కేంద్ర పోలీసులకు 2006లో అమ్మిన లాటులోనివని వెల్లడియైనది. 2015లో సావో పావులో ప్రాంతమున జరిగిన సామూహిక హత్యలలోను ఆ లాటు తూటాలే దొరికినవి. కాని లాటుకు 10,000 తూటాలుండవలసిన చోట ఈ ఒక్క లాటులో లక్షలకొలది యుండుటచే, ఏ గిడ్డంగినుండి ఏనాడు జారినవో తేల్చుట దుస్తరమైనది. నంబరు చెక్కుట చాలదు. ఆ నంబరు కొద్ది తూటాలకే పరిమితము కావలెను. ఊరంతటికిని ఒకటే యింటి నంబరు వేసినచో ఉత్తరము ఎవరికి చేరును?

ఇక మన దేశము మాట. 1959 ఆయుధ చట్టము తుపాకికి వలెనే తూటాకును లైసెన్సు కావలెనని చెప్పుచున్నది. ఎన్ని తూటాలు కొనవచ్చునో లైసెన్సుపై వ్రాయబడియుండును. చట్టపు అక్షరము మంచిదే. కాని ప్రభుత్వము సంస్కరణకు పూనుకొనినపుడు దృష్టి యెటు పోవుచున్నదో చూడుడు. 2019 సవరణ పౌరుని వద్ద నుండదగిన తుపాకులను మూడింటినుండి రెంటికి తగ్గించినది, శిక్షలను హెచ్చించినది, పెండ్లి సంబరములలో గాలిలోనికి కాల్చుటను నేరముగా పేర్కొన్నది. ఇవి అవసరమే. కాని తూటాలు ప్రధానముగా ఎచటనుండి జారిపోవుచున్నవను ప్రశ్న అందు వినబడదు.

ఆ ప్రశ్నకు బదులు ఒక న్యాయస్థానము చెప్పినది. 2010 ఏప్రిలు 6వ తేదీన దంతెవాడ జిల్లాలో 76 మంది రక్షణదళమువారు హతులైరి. ఆ మాసాంతముననే ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరులో పోలీసుల ప్రత్యేక దళము తూటాలను, ఖాళీ గుల్లలను పట్టుకొని, ప్రభుత్వ ఆయుధాగారములనుండి మావోయిస్టులకు తూటాలు చేరుచున్నవని అభియోగము మోపినది. పదమూడేండ్ల విచారణానంతరము 2023 అక్టోబరులో రాంపూరు న్యాయస్థానము 24 మందికి పదేసి సంవత్సరముల శిక్ష విధించినది. ఆ 24 మందిలో 20 మంది పోలీసు శాఖ, సాయుధ పోలీసు దళము, కేంద్ర రిజర్వు పోలీసు దళములకు చెందినవారు. కంచె చేను మేసిన కథ యన నిదియే. అడవిలో నేలకొరిగిన జవానుల తల్లులకు ఏమని చెప్పగలము? కొడుకును రక్షింపవలసిన కొట్టులోనుండియే తూటాలు శత్రువునకు అమ్ముడుపోవుచుండెనను మాట వినవలసివచ్చుట కంటె దుర్భరమైనది వేరొకటి గలదా?

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. అది సామెత; చట్టము అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఈశ్వరుడు పట్టలేకపోయినను ఇత్తడి గుల్లపై నంబరు పట్టగలదని బ్రెజిలు నిరూపించినది.

ఈ వాదమునకు ప్రతిగా వచ్చు మాటలను మేము ఎరుగక పోలేదు. తూటాలు పొడి చోట భద్రపరచినచో దశాబ్దములు చెడిపోవు. బయట నున్నవి చాలును గదా యని యొక మాట. నిజమే. నేడు తూము మూసినంతమాత్రమున రేపు చెరువు ఎండదు. కాని వాడుకయగుకొలది నిలువ తరుగును; కొత్తది చేరనిచో దొంగ విపణిలో తూటా దుర్లభమగును. ఖాళీ గుల్లలలో మరల మందు నింపి వాడుకొనెదరు గదా యని రెండవ మాట. ఇదియు నిజమే. అట్లైనను పేలుడు టోపీ కావలెను. దానికిని లెక్క యుంచవచ్చును. కొండవాడు గొట్టములో మందు కూరి కాల్చు నాటు తుపాకి ఈ లెక్కకు లొంగదనుటయు వాస్తవమే. కాని నిమిషమునకు వందల గుండ్లు కురిపించి సంతలో జనమును కూల్చునది ఆ తుపాకి కాదు.

మూడవ మాట మిక్కిలి గంభీరమైనది. ఆయుధ చట్టము ప్రజలను నిర్వీర్యులను చేయు పాలకుల పన్నాగము కాదా యనునది. 1878 చట్టము తెల్లవారికి మినహాయింపు నిచ్చి భారతీయులను నిరాయుధులను చేసిన అవమానమును మన పెద్దలు మరువలేదు. అందుచేతనే 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుట పౌరుని హక్కులలో నొకటిగా పేర్కొన్నది. సంఖ్యలో తక్కువవారు ఏ రాష్ట్రముననైనను ఈ శంకను మరింత గట్టిగా పట్టుకొందురు. చట్టము అమలగునపుడు మొదట ఎవరి తలుపు తట్టబడునో వారికి తెలియును. కావుననే లెక్క పౌరుని పెట్టెనుండి గాక ప్రభుత్వపు కొట్టునుండి ఆరంభము కావలెనని మేము కోరుచున్నాము. తన తూటాలకు లెక్క చెప్పలేని ప్రభుత్వమునకు పేదకాపు అటకపై నున్న పది తూటాలను లెక్కించు నైతికాధికారము లేదు.

ఇంత లెక్క యుంచుట ఖర్చుతో కూడిన పని యని నాలుగవ మాట. పది రూపాయల తలనొప్పి బిళ్ళల పట్టీపై బ్యాచి నంబరు, తయారైన తేది, గడువు తేది అచ్చువేయుటకు మన పరిశ్రమకు చేతనైనది. పాలపొట్లముపైనను తేది యుండును. ప్రాణము నిలుపు వస్తువులకు సాధ్యమైన లెక్క ప్రాణము తీయు వస్తువునకు సాధ్యము కాదనుట నమ్మదగిన మాట కాదు.

కావున మా సూచనలు స్పష్టముగా నివి. మొదటిది: పోలీసు, కేంద్ర సాయుధ దళముల కొరకు కొను ప్రతి తూటా అడుగున లాటు గుర్తు చెక్కబడవలెను, ఒక్కొక్క లాటు చిన్నదిగా నుండి, ఒక్క దళమునకే చేరవలెను. రెండవది: ఏ ఆయుధాగారమునకు ఎన్ని తూటాలు వచ్చినవి, అభ్యాసమున ఎన్ని, విధినిర్వహణలో ఎన్ని వాడబడినవి, ఎన్ని ధ్వంసమైనవి, ఎన్ని కనబడకుండ పోయినవి యను లెక్కను ఏటేట స్వతంత్రమైన ఆడిటుతో శాసనసభ ముందుంచవలెను. యుద్ధపు నిలువల రహస్యమును బయటపెట్టుమని మేము అడుగుటలేదు. ఠాణాల తూటాల లెక్కలో రహస్యమేమియు లేదు. మూడవది: అభ్యాసము ముగిసిన పిమ్మట ఖాళీ గుల్లలను తూచి గాక లెక్కించి తీసికొనవలెను, కొట్టు తాళము ధరించువాడును లెక్క వ్రాయువాడును ఒక్కడే కారాదు. నాలుగవది: పౌరులకు అమ్మకములలో వెనుకటి తూటాల గుల్లలు చూపిన పిమ్మటనే కొత్తవి యీయవలెను, ఈ నియమము పొలము కాచుకొను రైతును వేధించు సాకుగా మారరాదు. అయిదవది: మందుగుండు నిలువలు జనావాసములకు దూరముగా నుండవలెను, కాలము చెల్లిన సరకును పేరబెట్టక ధ్వంసము చేయవలెను. పుల్‌గావ్‌లో పోయిన ప్రాణములు ఈ జాగ్రత్త విలువను చెప్పకయే చెప్పుచున్నవి.

2023 ప్రణాళిక దేశములనుండి కోరునది స్థూలముగా ఇట్టి ఏర్పాట్లనే. పదిమంది దేశములవారు సంతకము చేసిన పిమ్మట చూతమని భారతదేశము వేచియుండనక్కరలేదు. మన పోలీసుల తూటాపై మన గుర్తు వేసికొనుటకు పరదేశపు అనుమతి యేల?

పాఠకులు తాము చేయదగినదియు కొంత కలదు. ఇంట పాత తుపాకి గల వారు తూటాలెన్ని యున్నవో నేడే లెక్కించుడు. తుపాకి యొకచోట, తూటాలు వేరొకచోట తాళములో నుంచుడు. తాతగారు పోయిన పిమ్మట పెట్టె అడుగున మిగిలిన పాత తూటాలను బిడ్డల ఆటకు వదలక చట్టప్రకారము అప్పగించుడు. చట్టసభ సభ్యులు మీ పేటకు ఓట్లు అడుగ వచ్చినపుడు ఈ ఒక్క ప్రశ్న వేయుడు: మన జిల్లా ఆయుధాగారమున గడచిన యేట ఎన్ని తూటాలు వచ్చినవి, ఎన్ని మిగిలినవి? వెంటనే బదులు రాకపోవచ్చును. కాని పలు నోళ్ళ అడుగబడిన ప్రశ్నను ఏ ప్రభుత్వమును చిరకాలము విననట్లు నటింపజాలదు. తుపాకి నెవడు పట్టుకొనెనో వెదకుటకు ముందు తూటా నెవడు ఇచ్చెనో వెదకు నాడు గాని ఈ దేశపు ఆయుధ చట్టము తన పని ఆరంభించినదని మేము ఒప్పుకొనము.